గొంతుకూ చెవికీ మధ్య కొన్ని మిల్లీసెకన్లు

ఇంట్లో మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ పెట్టుకుని పాట రికార్డు చేద్దామని కూర్చున్నవాళ్లకు మొదటి వారంలోనే రెండు బాధలు ఎదురవుతాయి. పాడిన మాట హెడ్‌ఫోన్స్‌లో కాస్త ఆలస్యంగా వినిపించి తాళం చెడగొట్టడం ఒకటి. బాగా సాగుతున్న పల్లవి మధ్యలో చిటపటమని పగుళ్లు రావడం రెండోది. తెలిసినవాళ్లను అడిగితే ‘బఫర్ తగ్గించు’ అంటారు. తగ్గిస్తే ఆలస్యం పోయి చిటపటలు మొదలవుతాయి. ‘అయితే పెంచు’ అంటారు. పెంచితే చిటపటలు పోయి ఆలస్యం మళ్లీ తయారవుతుంది.

ఈ రెంటి మధ్యా నలిగి, చాలామంది తమకు లయజ్ఞానం తక్కువనుకుంటారు. లేదా కంప్యూటర్ పాతబడిందని అప్పో సప్పో చేసి కొత్తది కొంటారు. చాలాసార్లు ఆ రెండూ నిజం కావు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో కనిపించే ఒక్కో అంకె, ఒక్కో పేరు వెనకా ఎవరో ఏళ్ల తరబడి కూర్చుని విప్పిన ఒక చిక్కు ఉంది. ఆ చిక్కేమిటో తెలిస్తే, ఏ బాధకు ఎక్కడ చెయ్యి పెట్టాలో చాలావరకు తెలిసిపోతుంది.

ఈ కథ కంప్యూటర్‌తో మొదలు కాలేదు. అమెరికాలో లెస్ పాల్ అనే గిటారిస్టుతో మొదలైంది. హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీనే ఆయన స్టూడియోగా మార్చుకున్నాడు. ఇంటి రికార్డింగ్ అనే మాటకు మూలపురుషుడు ఎవరంటే నేను ఆయన పేరే చెబుతాను. 1948లో వచ్చిన ‘లవర్’ అనే రికార్డులో ఎనిమిది గిటార్ భాగాలు వినిపిస్తాయి. ఎనిమిదీ ఆయన వాయించినవే. అప్పటికి ఆయన దగ్గర టేపు లేదు. డిస్కు మీద ఒక భాగం రికార్డు చేసి, దాన్ని వినిపిస్తూ దానికి జోడీగా రెండోది వాయించి, రెంటినీ కలిపి ఇంకో డిస్కు మీదకు ఎక్కించుకుంటూ పోయాడు.

తర్వాత గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఒక ఆంపెక్స్ టేపు రికార్డర్ ఇచ్చాడు. ఆ యంత్రంలో టేపు వరసగా మూడు హెడ్ల మీదుగా సాగుతుంది. మొదటిది పాతది చెరిపేస్తుంది, రెండోది కొత్తది రాస్తుంది, మూడోది రాసింది చదివి వినిపిస్తుంది. లెస్ పాల్ చెరిపే హెడ్‌కు ముందు ఇంకో చదివే హెడ్ బిగించాడు. చెరిగిపోబోయే పాత శబ్దాన్ని ముందే చదివి, తాను అప్పుడు వాయిస్తున్నదానితో కలిపి, అదే టేపు మీద తిరిగి రాయడం ఆయన ఉపాయం. భార్య మేరీ ఫోర్డ్‌తో కలిసి చేసిన పాటలు ఆ పద్ధతిలోనే పొరలు పొరలుగా తయారయ్యాయి. కాకపోతే ఏడో పొరలో ఒక్క స్వరం తప్పినా కింది ఆరు పొరలూ పోయినట్టే, ఎందుకంటే పాతది అప్పటికే చెరిగిపోయి ఉంటుంది.

దీనికి విరుగుడు పక్కపక్కనే విడివిడి ట్రాకులు పెట్టుకోవడం. టేపు వెడల్పును ఎనిమిది దారులుగా విడదీస్తే ఒకటి పాడైనా మిగతావి భద్రంగా ఉంటాయి. వినడానికి తేలికే. కానీ అక్కడే ఈ వ్యాసానికి అసలు విషయమైన చిక్కు మొదటిసారి స్పష్టంగా ఎదురైంది. గాయకుడు పాత ట్రాకును చదివే హెడ్ నుంచి వింటాడు. ఆయన కొత్త గొంతు రాసే హెడ్ దగ్గర టేపుకెక్కుతుంది. రెండు హెడ్లకూ మధ్య అంగుళన్నర దూరం ఉందనుకుందాం. సెకనుకు 15 అంగుళాల వేగంతో టేపు నడిస్తే ఆ దూరం దాటడానికి సెకనులో పదో వంతు, అంటే 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత లయ తప్పకుండా పాడినా కొత్త ట్రాకు పాతదానికి 100 మిల్లీసెకన్లు వెనకబడి టేపు మీద పడుతుంది. తప్పు గాయకుడిది కాదు, యంత్రం కట్టుబడిలో ఉంది.

ఆంపెక్స్ కంపెనీ ఇంజినీరు రాస్ స్నైడర్ దీనికి చేసిన పరిష్కారం పేరు సెల్-సింక్. కొత్త ట్రాకు రికార్డు చేస్తున్నంతసేపూ పాత ట్రాకులను చదివే హెడ్ నుంచి కాక, రాసే హెడ్ నుంచే వినిపించాలన్నది ఆయన ఆలోచన. రాసే హెడ్‌లో ఆయా ట్రాకులకు చెందిన భాగాలనే తాత్కాలికంగా చదవడానికి వాడతారన్నమాట. రాయడానికి చేసిన హెడ్ చదవడంలో అంత నైపుణ్యం చూపించలేదు, శబ్దం కాస్త మొద్దుగా వస్తుంది. అయినా ఫరవాలేదు. పాడేటప్పుడు గాయకుడికి కావలసింది మెరుగు కాదు, సమయం. పాట పూర్తయ్యాక మిక్సింగ్‌కు ఎలాగూ అసలైన చదివే హెడ్‌నే వాడుకోవచ్చు. ఈ ఎనిమిది ట్రాకుల యంత్రం మొదటిది 1957లో లెస్ పాల్ ఇంటికే చేరింది. వెల 10,000 డాలర్లు.

ఇప్పుడు ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లు ‘పాడేటప్పుడు బఫర్ తక్కువ, మిక్సింగ్‌లో ఎక్కువ’ అని పాటించే సూత్రం పుట్టింది ఇక్కడే. రెండు పనులకు రెండు అవసరాలున్నాయని, రెంటినీ ఒకేసారి తీర్చాలనుకోవడమే తప్పని స్నైడర్ గ్రహించాడు. తర్వాత కంప్యూటర్లలో వచ్చిన పరిష్కారాలన్నిటికంటే దీన్నే నేను గొప్పదంటాను. మిగతావాళ్లకు కనీసం ఇదొక దారి ఉందని తెలుసు.

గొంతు ఆలస్యంగా వినిపిస్తే మనిషికి ఏమవుతుందన్నది కూడా దాదాపు ఆ రోజుల్లోనే బయటపడింది. 1950లో బెర్నార్డ్ లీ అనే అమెరికన్ పరిశోధకుడు, మాట్లాడుతున్నవాళ్లకు తమ గొంతునే కొంచెం ఆలస్యంగా హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తే ఏం జరుగుతుందో ప్రకటించాడు. చక్కగా మాట్లాడేవాళ్లు కూడా నత్తిగా, సాగదీసి, ఒకే అక్షరాన్ని తిప్పి తిప్పి పలికారు. ఆలస్యం సెకనులో అయిదో వంతు, అంటే 200 మిల్లీసెకన్ల దగ్గర ఈ ఇబ్బంది అన్నిటికంటే ఎక్కువగా ఉంటుందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది. మాట పలికే యంత్రాంగం చెవి ఇచ్చే సమాచారం మీద అంతగా ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల సంగతి ఆలోచించండి. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, మళ్లీ విప్పి వినిపించడానికి వాటికి 150, 200 మిల్లీసెకన్లు పట్టడం మామూలే. సరిగ్గా లీ ప్రయోగంలో నాలుకలు తడబడిన ఆలస్యమే ఇది. పాట వినడానికి అవి బాగానే ఉంటాయి. వాటిలో తన గొంతు తాను వింటూ పాడటం మాత్రం ఎంతటి విద్వాంసులకైనా సాధ్యం కాదు. ఇంటి రికార్డింగ్‌లో నేను మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే: హెడ్‌ఫోన్స్‌కు వైరుందా?

ఎంత ఆలస్యమైతే భరించవచ్చు? గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కచేరీలో గాయకుడికి రెండు మీటర్ల దూరంలో మృదంగం ఉంటే దెబ్బ చెవికి చేరేసరికి 6 మిల్లీసెకన్లు అవుతుంది. అది ఎవరికీ తెలియదు. 10 దాటితే గాయకులకు ఏదో తేడాగా అనిపించడం మొదలవుతుంది, 20, 30 అయితే లయ బరువెక్కుతుంది. గాయకులకే ముందు తెలియడానికి కారణం ఉంది. వాళ్ల గొంతు ఎముకల గుండా ఆలస్యం లేకుండా లోపలే వినిపిస్తుంది కాబట్టి, హెడ్‌ఫోన్స్‌లో వచ్చే రెండో గొంతు దానితో రాపాడుతుంది.

ఇంటి కంప్యూటర్ సంగీతంలోకి వచ్చిన మొదటి రోజుల్లో ఈ బాధ లేదు, ఎందుకంటే అది శబ్దాన్నే ముట్టుకోలేదు. 1983లో మిడి వచ్చింది. ఏ కంపెనీ కీబోర్డుతోనైనా ఇంకో కంపెనీ కీబోర్డు మాట్లాడగలగడం దాని ప్రయోజనం. ‘ఈ మెట్టు నొక్కారు, ఇంత బలంగా నొక్కారు’ అనే మూడు బైట్ల కబురు పోవడానికి సుమారు ఒక మిల్లీసెకను చాలు. 1985లో వచ్చిన అటారి ఎస్‌టీ కంప్యూటర్‌కు మిడి సాకెట్లు పుట్టుకతోనే ఉన్నాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో స్టైన్‌బర్గ్ అనే చిన్న కంపెనీ 1989లో దానికోసమే క్యూబేస్ తెచ్చింది. కబుర్లు కంప్యూటర్ చూసుకునేది, శబ్దం కీబోర్డులోనే పుట్టేది.

నిజమైన గొంతును, గిటారును కంప్యూటర్‌లోకి తెచ్చినవాళ్లు కాలిఫోర్నియాకు చెందిన డిజిడిజైన్ సంస్థవాళ్లు. 1989లో సౌండ్ టూల్స్, 1991లో నాలుగు ట్రాకుల ప్రో టూల్స్ తెచ్చారు. కంప్యూటర్‌లోని ప్రధాన చిప్ మీద వాళ్లు నమ్మకం పెట్టుకోలేదు. శబ్దం కోసమే ప్రత్యేకమైన చిప్పులున్న కార్డును కంప్యూటర్‌లో బిగించారు. ఆ కార్డుకు శబ్దం తప్ప వేరే పని లేదు కాబట్టి ఆలస్యమూ లేదు, చిటపటలూ లేవు. పరిష్కారం పక్కాగా ఉంది, వెల మాత్రం వేల డాలర్లలో ఉంది. అది స్టూడియోల సరుకే గానీ ఇళ్లది కాదు.

స్టైన్‌బర్గ్ వాళ్లు ఎదురుదారి పట్టారు. 1996లో వచ్చిన క్యూబేస్ వీఎస్‌టీలో ప్రతిధ్వని, ఈక్వలైజర్ లాంటివన్నీ ప్రత్యేకమైన కార్డు లేకుండా కంప్యూటర్ ప్రధాన చిప్ మీదే నడిపించారు. చిప్‌కు బలం సరిపోయింది. అడ్డుపడింది దారి. మైకు నుంచి చిప్‌కూ, చిప్ నుంచి స్పీకరుకూ మధ్య విండోస్ కూర్చుని ఉంది. విండోస్‌లో శబ్దాల ఏర్పాటు చేసినవాళ్ల మనసులో ఉన్నది ‘టింగ్’ మనే హెచ్చరికలు, ఆటల్లో తుపాకీ మోతలు. అవి సెకనులో మూడో వంతు ఆలస్యమైతే ఎవరికి నష్టం? అందుకని మధ్యలో పెద్ద పెద్ద నిల్వలు పెట్టి, చిటపటలు రాకుండా చూసుకున్నారు. వందల మిల్లీసెకన్ల ఆలస్యంతో పాట పాడటం ఎలాగన్న ప్రశ్న వాళ్ల లెక్కలోనే లేదు.

ఆ నిల్వ పేరే బఫర్. ఇది పనిచేసే తీరు ఒక్కసారి దగ్గరగా చూస్తే మిగతా కథంతా సులువవుతుంది. సీడీ నాణ్యతలో ఒక సెకను శబ్దాన్ని 44,100 ముక్కలుగా కొలుస్తారు. ఒక్కో ముక్కనూ శాంపిల్ అంటారు. ఒక్కో శాంపిల్ కోసం కంప్యూటర్‌ను పిలవడం కుదరదు కాబట్టి కొన్నిటిని పోగుచేసి ఒకేసారి అందిస్తారు. కుళాయి దగ్గర రెండు బిందెలు పెట్టుకున్నట్టు, ఒక బఫర్‌ను సౌండ్ కార్డు వినిపిస్తూ ఖాళీ చేస్తుంటే ప్రోగ్రాము రెండోదాన్ని నింపుతూ ఉంటుంది. మొదటిది ఖాళీ అయ్యేలోగా రెండోది నిండాలి. నిండిందా, పాట సాగుతుంది. నిండలేదా, ఆ క్షణంలో వినిపించడానికి ఏమీ లేక ‘చిట్’ మంటుంది. మీరు వింటున్న చిటపటల్లో ఒక్కొక్కటీ గడువు దాటిన ఒక్కో బఫర్.

ఇక లెక్క చూడండి. బఫర్ సైజు 1024 అని పెడితే ఒక్కో గడువు 23 మిల్లీసెకన్లు. 256 పెడితే 5.8. 64 పెడితే ఒకటిన్నర కంటే తక్కువ. పాడిన గొంతు లోపలికి పోయేటప్పుడు ఒక బఫర్, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి దాటాలి. ఆపైన కన్వర్టర్లు, యూఎస్‌బీ తీసుకునే సమయం కొంత ఉంటుంది. అంటే 1024తో పాడుతున్నవాళ్లకు యాభై మిల్లీసెకన్ల దాకా ఆలస్యం తప్పదు. 128కి దించితే పది లోపు అవుతుంది, కాకపోతే కంప్యూటర్ సెకనుకు మూడువందల నలభైకి పైగా గడువులు తప్పకుండా అందుకోవాలి. వాటిలో ఒక్కటి తప్పినా మన చెవి పట్టేస్తుంది.

ఈ గడువులను అందుకునే దారి చూపింది 1997లో స్టైన్‌బర్గ్ తెచ్చిన ఏసియో అనే పద్ధతి. రికార్డింగ్ ప్రోగ్రామునూ సౌండ్ కార్డునూ, మధ్యలో విండోస్ నిల్వలేవీ లేకుండా, ఈ రెండు బఫర్ల పద్ధతిలో నేరుగా కలిపింది. ‘ఇది నిండింది, అది ఖాళీ, మార్చుకో’ అని కార్డు పిలుస్తుంది, ప్రోగ్రాము పలుకుతుంది. అంతకంటే ఏమీ లేదు. తెలివి కంటే నాకు ఎక్కువ నచ్చేది వాళ్ల ఉదారత. ఈ పద్ధతిని తమ క్యూబేస్‌కే పరిమితం చేసి దాచుకోకుండా, కార్డులు చేసే కంపెనీలకూ, పోటీ సాఫ్ట్‌వేర్లకూ కూడా అందుబాటులో ఉంచారు. కొద్ది ఏళ్లలోనే సంగీతానికి పనికొచ్చే ప్రతి కార్డుకూ ఏసియో డ్రైవర్ రావడం మొదలైంది. ఇవాళ విశాఖలోనో వరంగల్‌లోనో ఒక కుర్రాడు మామూలు ల్యాప్‌టాప్ మీద తన గొంతు తాను వింటూ పాడగలుగుతున్నాడంటే, అప్పటి ఆ నిర్ణయం అందుకు పెద్ద కారణం.

విండోస్ మాత్రం చాలాకాలం దారికి రాలేదు. 98 నుంచి ఎక్స్‌పీ దాకా కేమిక్సర్ అనే భాగం అన్ని శబ్దాలనూ కలిపి పంపేది. అదొక్కటే సుమారు 30 మిల్లీసెకన్లు తినేది. ఏసియో డ్రైవర్ లేని చవక సౌండ్ కార్డులున్నవాళ్ల గతి ఏమిటి? మైఖేల్ టిప్పాఖ్ అనే జర్మన్ ప్రోగ్రామర్ రాసిన ఏసియో4ఆల్ ఆ లోటు తీర్చింది. కేమిక్సర్‌ను పక్కన పెట్టి, కార్డుతో నేరుగా మాట్లాడుతూ, పైకి మాత్రం ఏసియో డ్రైవర్‌లా కనిపించే చిన్న ప్రోగ్రాము అది. ఉచితం. ఇంటర్‌ఫేస్ కొనే స్తోమత లేని ఎందరో విద్యార్థులకు మొదటి రికార్డింగ్ దాని చలవే. 2007లో వచ్చిన విస్టాతో మైక్రోసాఫ్ట్ కేమిక్సర్‌ను తీసేసి శబ్దాల దారిని కొత్తగా కట్టింది. ఆపిల్ 2001లో వచ్చిన తన మ్యాక్ ఓఎస్ టెన్‌లో కోర్ ఆడియోను మొదటినుంచీ తక్కువ ఆలస్యంతో కట్టుకుంది. మ్యాక్‌లో విడిగా ఏసియో అవసరం రాకపోవడానికి కారణం అదే. లినక్స్‌లో పాల్ డేవిస్ రాసిన జాక్ ఆ పని చేసింది. అన్నిటికంటే ముందు గడువున్న పని చూసుకునేలా లినక్స్ కెర్నెల్‌ను మార్చే ప్రయత్నం ఇరవై ఏళ్లు సాగి, 2024లో అసలు కెర్నెల్‌లో చేరింది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ఇంటర్‌ఫేస్‌కు దాని తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్ ఉండగా ఏసియో4ఆల్ వాడటం అనవసరం. ముందు తయారీదారు డ్రైవర్ ఎక్కించుకుని, సాఫ్ట్‌వేర్‌లో దాన్నే ఎంచుకోవాలి. ఇతర డ్రైవర్ ఎంచుకుని ఉండటం వల్లే ఎన్నో ఇళ్లలో ఇంటర్‌ఫేస్‌కు చెడ్డపేరు వస్తోంది.

డ్రైవర్ సరిగానే ఉంది, బఫర్ 512 ఉంది, చిప్ తీరిగ్గా ఉంది, అయినా చిటపటలు వస్తున్నాయి. ఈ వింతకు కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. విండోస్‌లో వైఫై, గ్రాఫిక్స్ లాంటి పరికరాల డ్రైవర్లు అప్పుడప్పుడు ‘ఈ పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగండి’ అని చిప్‌ను తమ దగ్గర అట్టిపెట్టుకుంటాయి. దాన్ని డీపీసీ అంటారు. సగటున చిప్ ఖాళీగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఏదో ఒక వైఫై డ్రైవర్ గడువంత సేపు వదలకుండా పట్టుకుంటే ఆ మధ్యలో పడ్డ బఫర్ గడువు తప్పుతుంది. జర్మనీలోని థెసికాన్ సంస్థ దీన్ని కొలిచి గీతలుగా చూపించే డీపీసీ లేటెన్సీ చెకర్‌ను ఉచితంగా విడుదల చేసింది. అంతవరకు ఊహించుకోవడమే గానీ దొంగను చూసినవాళ్లు లేరు. ఆ తర్వాత వచ్చిన లేటెన్సీమాన్, ఏ డ్రైవర్ పేరు మీద ఎంత ఆలస్యం జరిగిందో కూడా చెబుతుంది. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపెయ్యమని, పవర్ ప్లాన్‌ను హై పర్ఫార్మెన్స్‌లో పెట్టమని పెద్దలు చెప్పేది మూఢనమ్మకం కాదు. వెనక కొలిచి చూసిన ఆధారం ఉంది.

ఆలస్యంతో ఇంత పోరాడేబదులు కంప్యూటర్‌నే దాటవేస్తే పోదా అని కూడా ఆలోచించారు. అదే డైరెక్ట్ మానిటరింగ్. ఇంటర్‌ఫేస్ మీద ‘డైరెక్ట్’ అనో ‘మిక్స్’ అనో ఉండే మీట మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు పంపుతూనే, ఇంకో పాయను అక్కడికక్కడే హెడ్‌ఫోన్స్‌కు మళ్లిస్తుంది. పాతికేళ్ల నాటి పాత ల్యాప్‌టాప్ అయినా గాయకుడికి ఆలస్యం తెలియదు. రాస్ స్నైడర్ చేసిన పనికి ఇది నేరుగా వారసురాలు. ఒక జాగ్రత్త అవసరం. ఈ మీట వేసి ఉంచి, సాఫ్ట్‌వేర్‌లో కూడా ట్రాకు మానిటరింగ్ వేసి ఉంచితే గొంతు రెండుసార్లు, గుహలో పాడినట్టు వినిపిస్తుంది. ‘నా రికార్డింగ్‌లో ఎకో వస్తోంది’ అని బాధపడేవాళ్లలో చాలామందికి రికార్డయినదాంట్లో ఏ ఎకో ఉండదు. ఒక మానిటరింగ్ ఆపేస్తే సరిపోతుంది.

అలాగే మాస్టర్ ట్రాకు మీద లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్లు ముందే వేసుకుని పాడటం కూడా మంచిది కాదు. రాబోయే శబ్దాన్ని ముందు చూసి పనిచేసేవి కాబట్టి, అవి కావాలనే కొంత ఆలస్యం చేస్తాయి. సాఫ్ట్‌వేర్ మిగతా ట్రాకులనూ అంతే ఆలస్యం చేసి అన్నిటినీ కలుపుతుంది. మిక్సింగ్‌కు అది వరం, పాడేవాళ్లకు శాపం. వాటిని బైపాస్ చేసి పాడి, తర్వాత వేసుకోవాలి.

సమయానికే సంబంధించిన ఇంకో చిక్కు శ్రుతి రూపంలో బయటపడుతుంది. 44,100 అనే విచిత్రమైన అంకె ఎక్కడిదంటే, తొలి డిజిటల్ శబ్దాన్ని దాచడానికి వీడియో టేపులే దొరికాయి. టీవీ గీత ఒక్కోదాంట్లో మూడు శాంపిళ్లు పెడితే, అమెరికా పద్ధతిలో 3 × 245 × 60, యూరప్ పద్ధతిలో 3 × 294 × 50, ఎటు లెక్కేసినా 44,100 వచ్చింది. రెండు ఖండాలకూ కుదిరింది కాబట్టి సీడీకి అదే ఖాయమైంది. వీడియో పనివాళ్లు మాత్రం 48,000కు అలవాటు పడ్డారు. ఫోన్లు, కెమెరాలు ఇప్పటికీ ఎక్కువగా ఆ దారే. 44,100లో రికార్డయిన ట్రాకును 48,000 అనుకుని వాయిస్తే వేగం పెరిగి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. ఒకటో శ్రుతిలో పాడింది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో, ఏ హార్మోనియంకూ అందని చోట నిలబడుతుంది. కరోకే ట్రాకు తెచ్చుకుంటే శ్రుతి కలవడం లేదంటే, ప్రాజెక్టులోనూ ఇంటర్‌ఫేస్‌లోనూ విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లోనూ శాంపిల్ రేటు ఒక్కటే ఉందో లేదో ముందు చూడండి.

రికార్డింగ్‌లో వినిపించే గుయ్‌మనే మోత సంగతి వేరు. అది సమయానికి సంబంధించింది కాదు, కరెంటుది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ మోత 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. 100 హెర్ట్జ్ సరిగ్గా అయిదో శ్రుతికీ అయిదున్నరకూ మధ్య పడుతుంది. గాయనులు ఎక్కువగా పాడే చోటు అదే. అందుకే తంబూరాతో కలిసి ఆ మోత అంత చికాకు పెడుతుంది. మిడి తయారుచేసినవాళ్లు ఈ ప్రమాదాన్ని ముందే చూశారు. అందుకునే సాకెట్ వెనక చిన్న దీపం, దానికెదురుగా కాంతిని పసిగట్టే చిప్ పెట్టి, కబురును వెలుతురు రూపంలో దాటించారు. రెండు పరికరాల మధ్య కరెంటు సంబంధమే లేదు, కాబట్టి మోత లేదు. యూఎస్‌బీ వచ్చాక ఆ రక్షణ పోయింది. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు వేరువేరు ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటూ తీగలతో కలిసినప్పుడు ఎర్త్‌లో చిన్న కరెంటు తిరగడం మొదలవుతుంది. చార్జర్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ మీద చెయ్యి ఆనిస్తే కొన్ని ఇళ్లలో జిల్లుమంటుంది, అదీ ఈ కోవలోదే.

పరీక్ష చాలా తేలిక. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపించండి. మోత ఆగిందంటే నేరం చార్జర్ దారిదే. అన్నిటినీ సరైన ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు వాడండి. మోత ఆపడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్నును మాత్రం ఎన్నడూ తీసెయ్యకండి. అది ప్రాణానికి సంబంధించిన తీగ.

మళ్లీ ఆలస్యం సంగతికి వస్తే, ఆన్‌లైన్ సంగీత పాఠాల్లో గురువుగారితో కలిసి పాడటం కుదరక, ఒకరు ఆపాక ఒకరు పాడే పద్ధతి వచ్చింది. హైదరాబాదుకూ అమెరికాకూ మధ్య శబ్దం పోయి రావడానికి పట్టే సమయాన్ని ఏ డ్రైవరూ తగ్గించలేదు, కాంతి వేగమే అడ్డు. కానీ మన గదిలో, మన మైకుకూ మన చెవికీ మధ్య ఉన్న ఆలస్యం అలాంటిది కాదు. దాన్ని తగ్గించే పనిముట్లన్నీ చేతిలోనే ఉన్నాయి, చాలావరకు ఉచితంగానే.

కాబట్టి ఇంట్లో పాడే పిల్లలెవరైనా ‘మైకు ముందు నాకు తాళం నిలవడం లేదు’ అంటే వెంటనే సాధన తక్కువైందని మందలించకండి. బ్లూటూత్ తీసి వైరున్న హెడ్‌ఫోన్స్ ఇవ్వండి, డైరెక్ట్ మీట వెయ్యండి, డ్రైవర్ ఏదో చూడండి, బఫర్‌ను 128కి దించండి. ఆ తర్వాత ఇంకోసారి పాడమనండి.